తొంభై నాలుగు మార్కుల మోకాలు

ఆ టైల్స్ మేస్త్రిని పనిచేసే చోట అందరూ రసమట్టం అని పిలిచేవాళ్ళు. నేల సమంగా ఉందో లేదో తేల్చుకోవడానికి మిగతా మేస్త్రీలకి గాజుగొట్టంలో బుడగ కదిలే రసమట్టం కావాలి. దాన్ని నేల మీద పెట్టి, ఒక కన్ను మూసి, మెడ అటూ ఇటూ తిప్పి నానా తంటాలు పడేవాళ్ళు. ఈయనకి అదేం అక్కర్లేదు. గుమ్మం దగ్గర రెండు మోకాళ్ళూ నేలకి ఆనించి, చెంప నేలకి తగిలేంతగా వంగి ఒక్కసారి చూసి, "ఆ కిటికీ మూల చిటికెడు దిగింది" అనేవాడు. నమ్మనివాళ్ళు రసమట్టం తెచ్చి పెట్టుకుని మరీ చూసేవాళ్ళు. చూసి, నోరు మూసుకుని పని మొదలుపెట్టేవాళ్ళు.

పదహారో ఏట మేనమామ వెంట ఈ పనిలోకి వచ్చాడు. మొదటి రోజు ఆ మేనమామ తాపీ చేతికివ్వనే లేదు. "టైల్స్ చేతులతో వేస్తారనుకుంటున్నావా? మోకాళ్ళతో వేస్తారు. ముందు ఆ గోడ నుంచి ఈ గోడ దాకా మోకాళ్ళ మీద వెళ్ళి రా, తరవాత మాట్లాడదాం" అన్నాడు. ఆ వెళ్ళడం వెళ్ళడం ఇరవై ఆరేళ్ళు వెళ్ళాడు. ఎన్ని గదులు, ఎన్ని వరండాలు, ఎన్ని దుకాణాలు. కాళ్ళతో నడిచిన దూరం కంటే మోకాళ్ళతో నడిచిందే ఎక్కువని తోటివాళ్ళు పరాచికాలాడేవాళ్ళు. మోకాలిచిప్పల కింద కాయలు కాచి, నల్లగా గట్టిపడి, పాత చెప్పు అడుగులా తయారయ్యాయి. ఆయనకి వాటి గురించి సిగ్గూ లేదు, గొప్పా లేదు. మనిషికి మోచేతులున్నట్టు తనకి ఆ కాయలు ఉన్నాయనుకునేవాడు.

ఆయన భార్య బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణంలో దర్జీ. పెళ్ళయిన కొత్తలో ఆవిడ మొగుడికి కుట్టిపెట్టింది చొక్కా కాదు, మోకాలి మెత్తలు. పాత సోఫా గుడ్డ రెండు పొరలు, మధ్యలో స్పాంజి, వెనక ఎలాస్టిక్ పట్టీ. అరిగినప్పుడల్లా కొత్తవి కుట్టేది. ఏడాదికి రెండు జతలు.

ఇలాంటి మనిషి మోకాలు పోగొట్టుకున్నది పనిలో కూడా కాదు, బస్సు దిగుతూ. ఎడమ కాలు రోడ్డు మీద పెట్టాడు, కుడి కాలు ఇంకా మెట్టు మీదే ఉంది, డ్రైవరు బస్సు కదిలించేశాడు. ఒళ్ళంతా ఒక పక్కకి తిరిగింది గానీ కింద పెట్టిన పాదం తిరగలేదు. మోకాల్లో టప్పుమని ఏదో తెగిన చప్పుడు ఆయన చెవికే వినపడింది. వాపు తగ్గాక లేచి నడిస్తే, నాలుగడుగులు బాగానే ఉండేది, ఐదో అడుగుకి మోకాలు పట్టు తప్పి పక్కకి జారిపోయేది. స్కానింగ్ తీసి, తొడ ఎముకనీ కాలి ఎముకనీ లోపల పట్టి ఉంచే లిగమెంటు తెగిపోయిందనీ, కొత్తది వేయాలనీ చెప్పారు.

ఇదిగో, ఇక్కడ బావమరిది వస్తాడు. సరుకుల వ్యాను నడుపుతాడు, నోరున్న మనిషి, అక్క మొగుడంటే ప్రాణం. ఆ ప్రాణమే కొంప ముంచింది. పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు గది బయట కూర్చుని వాళ్ళ వంతు కోసం చూస్తుంటే గోడనిండా ఫొటోలు కనపడ్డాయి. ఆటగాళ్ళు, వాళ్ళ భుజం మీద చెయ్యేసి డాక్టరు. బావమరిది ఆ ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా చూసొచ్చి చెవిలో గొణిగాడు.

"బావా, టైల్స్ వేస్తానని చెప్పావనుకో, ఓ కట్టు కట్టి ఇంట్లో పడుకోమంటారు. ఆటగాడివంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తారు."

"నేనేం ఆటగాణ్ణిరా?"

"చిన్నప్పుడు బంతి తన్నలేదా ఏం? నువ్వు ఊరికే కూర్చో, నేను మాట్లాడతా."

మాట్లాడాడు. లోపలికెళ్ళగానే, "మా బావ ఫుట్‌బాల్ ఆడతాడు సార్, ఆటలోనే తగిలింది" అనేశాడు. డాక్టరు అప్పటిదాకా కాగితాల్లోంచి తలెత్తలేదు, ఇప్పుడెత్తాడు. "ఏ పొజిషన్?" అన్నాడు. "డిఫెండర్ సార్, వారం వారం మ్యాచ్‌లే" అన్నాడు బావమరిది, కళ్ళార్పకుండా. రసమట్టం నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. ఎందుకంటే ఇరవై ఆరేళ్ళలో ఏ పెద్దమనిషీ ఆయన్ని చూసి కుర్చీలో ముందుకి జరిగి మాట్లాడలేదు. ఆయన వేసిన నేల మీద నడిచారు గానీ ఆయన మొహం చూసినవాళ్ళు లేరు. ఆ ఒక్క నిమిషం బాగుందనిపించింది. దానికాయన తరవాత తనని తాను ఎంత తిట్టుకున్నాడో.

ఆపరేషన్ ముందు రోజు చిన్న డాక్టరమ్మ వచ్చి కాళ్ళు చూసింది. చూసి, వేలితో ఆ కాయల్ని తడిమి, "ఇవేంటి? ఏం పని చేస్తారు మీరు?" అని అడిగింది. మొత్తం ఆసుపత్రిలో ఆ ప్రశ్న అడిగిన మనిషి ఆవిడొక్కతే. ఆయన నోరు తెరిచేలోపే పెద్ద డాక్టరు వచ్చాడు. "ఆయన డిఫెండర్, రేపు మొదటి కేసు" అని, పెన్ను తీసి, ఎడమ మోకాలిచిప్ప కింద, సరిగ్గా ఆ కాయ మీద నుంచే నిలువుగా గీత గీశాడు. చేత్తో పట్టుకునే గీశాడు. ఆ గరుకు చేతికి తగలకుండా ఎలా ఉంటుంది? తగిలింది. తగిలినా ఏం అడగలేదు.

మోకాలిచిప్ప నుంచి కాలి ఎముక దాకా ముందు వైపు ఒక గట్టి పట్టీ ఉంటుంది. దాని నడిమి నుంచి వేలి వెడల్పు ముక్కని, రెండు చివర్లా చిన్న ఎముక తునకలతో సహా కోసి తీసి, లోపల తెగిన లిగమెంటు చోట మరలతో బిగించారు. ఆటగాళ్ళకి అదే మేలట, తొందరగా అతుక్కుంటుందట. రసమట్టానికి ఇవేం తెలియవు. చెప్పిందల్లా చేశాడు. చంక కర్రలతో నడిచాడు. మోకాలు నిటారుగా చాచడానికి రాకపోతే ఫిజియోథెరపీ అమ్మ మడమ కింద దిండు పెట్టి చిప్ప మీద నొక్కుతుంటే పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు. ఎడమ తొడ చిక్కి పుల్లలా అయితే రోజూ ఆ కాలితో బరువులు ఎత్తాడు. మచ్చకి బయటి వైపు అరచేయంత చోటు మొద్దుబారిపోయి, చీమ పాకినా తెలియకుండా పోయింది. అది మామూలేనన్నారు. సరే అనుకున్నాడు.

తొమ్మిది నెలలకి పరీక్ష పెట్టారు. పరిగెత్తగలరా? గెంతగలరా? ఉన్నట్టుండి పక్కకి తిరగగలరా? ఒంటికాలి మీద ఎంత దూరం దూకుతాడో టేపు పెట్టి కొలిచారు. నలభై రెండేళ్ళ మనిషి, బావమరిది చప్పట్లు కొడుతుంటే ఆ వరండాలో కప్పలా గెంతాడు. వందకి తొంభై నాలుగు వచ్చాయి. డాక్టరు ఆయన వీపు తట్టి, 'పూర్తిగా కోలుకున్నాడు, అన్ని పనులూ చేసుకోవచ్చు' అని కాగితం రాసిచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చోగలరా అన్న ప్రశ్న ఆ ఫారంలో పై నుంచి కింద దాకా వెతికినా లేదు. ఆటగాళ్ళ కోసం చేసిన ఫారం మరి, అందులో మేస్త్రి మోకాలికి చోటెక్కడిది?

ఆ సోమవారం కొత్త మెత్తలు కట్టుకుని పనిలోకి వెళ్ళాడు. తోటివాళ్ళు, "వచ్చాడయ్యా మన రసమట్టం" అంటూ చుట్టూ చేరారు. గుమ్మం దగ్గర అలవాటు ప్రకారం రెండు మోకాళ్ళూ నేలకి ఆనించాడు. అంతే. కోసిన చోట, చిప్ప కింద, గాజుపెంకు దిగినట్టయింది. పైన తోలుకి స్పర్శే లేదు, లోపల మాత్రం ప్రాణాలు తోడేసింది. పక్కవాళ్ళు చూస్తున్నారని పళ్ళు నూరుకుంటూ వంగాడు. మధ్యాహ్నం దాకా నాలుగే టైల్స్ వేశాడు. నాలుగో దాన్ని రబ్బరు సుత్తితో తడితే డొల్లగా పలికింది. తొందరగా లేవాలన్న ఆత్రంలో కింద గమ్ము సరిగ్గా పరచలేదు. ఇరవై ఆరేళ్ళలో ఆయన వేసిన టైలు డొల్ల పలకడం అదే మొదటిసారి. ఆ చప్పుడు అందరికీ వినపడింది, ఎవరి పనిలో వాళ్ళు తల దించుకున్నారు. వేళాకోళం చేసినా బాగుండుననుకున్నాడు.

భార్య మెత్తలు మందం చేసింది. రెండు పొరలు నాలుగయ్యాయి, నాలుగు ఆరయ్యాయి. "పరుపు మీద కూర్చుని పనిచేస్తున్నట్టుంది, నేల ఎక్కడుందో తెలిసి చావట్లేదు" అని నవ్వించబోయాడు. ఆవిడ నవ్వి, మిషను వైపు తిరిగి, లేని దారం కోసం వెతుక్కుంది.

అలవాటు చేస్తే పోతుందేమోనని ఫిజియోథెరపీ గదిలో చాప మీద మోకాళ్ళ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆ ఫిజియోథెరపీ అమ్మ చూసి ఆశ్చర్యపోయింది. "ఫుట్‌బాల్ ఆడేవాళ్ళకి ఇదెందుకు అన్నా?"

"నేను బంతి తన్ని పాతికేళ్ళయిందమ్మా. నేను టైల్స్ వేస్తాను."

ఆవిడ ఒకసారి తలుపు వైపు చూసి చెప్పింది. "మోకాళ్ళ మీద పనిచేసేవాళ్ళకి మామూలుగా ఇక్కడి నుంచి ముక్క తీయరన్నా. తొడ వెనక నుంచి తీస్తారు. అలా తీసినా నొప్పి అసలుండదని చెప్పలేం. ఇంత ఉండేది కాదేమో. కొందరికి రెండేళ్ళకి తగ్గుతుంది, కొందరికి అలాగే ఉండిపోతుంది. చేసేముందు చెప్పాలి, మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. చెప్పడానికి అడగాలిగా. అరికాలి మంట నెత్తికెక్కింది ఆయనకి. ఇంటికొచ్చి బావమరిదిని పిలిపించి ఎడాపెడా తిట్టాడు. "నీ నోట్లో మన్ను పొయ్య, డిఫెండర్నట డిఫెండర్ని. నా బతుకుతెరువు కోయించావు కదరా."

"నీ మంచికేగా బావా అన్నాను" అన్నాడు వాడు. మొహం ఇంతయింది.

"వాడన్నాడు సరే, మీ నోటికేమైంది?" అంది భార్య. ఆ మాటే రసమట్టానికి అన్నిటికంటే ఎక్కువ మంట.

ఆయన పనిచేసే కంపెనీలో సైట్ ఇంజనీరు చెడ్డవాడేం కాదు, కాగితం మనిషి. "ఇందులో పూర్తిగా కోలుకున్నావని ఉంది. మోకాళ్ళ మీద పని చేయకూడదని డాక్టరు ఒక్క లైను రాస్తే నిన్ను కట్టింగ్ మిషను దగ్గర నిలబడే పనిలో పెడతా. లేదంటే నేల మీద చెయ్యాలి. నెలాఖరు దాకా ఆగుతా, ఆ తరవాత నీ చోట ఇంకొకణ్ణి తీసుకోక తప్పదు" అన్నాడు. ఒక్క లైను. ఇరవై ఆరేళ్ళ పని ఇప్పుడా ఒక్క లైను మీద ఆగింది.

దానికోసం ఆసుపత్రి చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. కాళ్ళు ఎలాగూ అరిగే ఉన్నాయి. మొదటిసారి వెళ్తే డాక్టరుగారు మీటింగులో ఉన్నారన్నారు. రెండోసారి దొరికాడు. మోకాలు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి చూసి, "రాయిలా ఉంది. జారుతోందా? లేదు. గెంతుతున్నారా? గెంతుతున్నారు. ఇంకేం కావాలి?" అన్నాడు.

"మోకాళ్ళ మీద కూర్చోలేకపోతున్నా సార్."

"కూర్చోకండి. కూర్చోవాల్సిన అవసరమేముంది మీకు?"

రసమట్టం బయటికొచ్చి, ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాడు. అవసరమేముందట. ఆ డాక్టరు నిలబడ్డ నేల ఎవడో ఒకడు మోకాళ్ళ మీద కూర్చుని వేస్తేనే కదా వచ్చింది. ఆ వరండా, ఆ ఆపరేషను గది, ఆయన ఇంట్లో స్నానాల గది, ఏదైనా నిలబడి వేశారా ఎవరైనా? ఇవన్నీ మెట్ల మీద కూర్చున్నాకే తోచాయి. లోపలుండగా ఒక్కటీ నోటికి రాలేదు, దానికీ తనని తానే తిట్టుకున్నాడు.

మూడోసారి నెలాఖరుకి రెండు రోజుల ముందు వెళ్ళాడు. భార్య దుకాణంలో సెలవు పెట్టి వచ్చింది. బావమరిది రావద్దన్నా వచ్చాడు. గదిలో పెద్ద డాక్టరు, పక్కన ఆ చిన్న డాక్టరమ్మ ఉన్నారు. పెద్దాయన కంప్యూటర్లో చూసి, "మీది తొంభై నాలుగు, మా దగ్గర చాలా మంచి రిజల్టుల్లో ఒకటి" అన్నాడు. ఆ మాట సంతోషంగానే అన్నాడు, మనసులో కల్మషం లేదు. చెడ్డవాడైనా బాగుండేది, తిట్టడానికి తేలికయ్యేది.

రసమట్టం బల్ల పక్కకి జరిగి, ప్యాంటు మోకాళ్ళ పైకి లాక్కుని, మెత్తలు లేకుండా, ఆ గది నేల మీద రెండు మోకాళ్ళూ ఆనించి కూర్చున్నాడు.

డాక్టరు కంగారు పడ్డాడు. "అయ్యో, లేవండి లేవండి. కాళ్ళ మీద పడటం ఏంటి, ఎవరైనా చూస్తే బాగోదు."

"మీ కాళ్ళ మీద పడలేదు సార్. నేను పనిలో కూర్చున్నాను. ఇలాగే కూర్చుని ఇరవై ఆరేళ్ళు బతికాను. ఒక్క టైలు వేయడానికి పట్టేంత సేపు కూర్చుంటా, చూడండి."

చేతిలో తాపీ ఉన్నట్టే గమ్ము పరిచాడు. లేని టైలుని రెండు చేతులా పట్టుకుని దించాడు. సుత్తితో తట్టబోయేసరికి మొహం పాలిపోయింది, కణతల మీద నుంచి చెమట కారింది, ఎడమ తొడ గజగజ వణికింది. భార్య ముందుకొచ్చి భుజం పట్టుకుంది. ఆయన లేవలేదు. బావమరిదికి చూడ్డం చేతకాలేదు.

"నేనే సార్" అన్నాడు. "ఆటగాడని నేనే అబద్ధం చెప్పాను. మా బావ టైల్స్ మేస్త్రి. బస్సు దిగుతూ పడ్డాడు."

డాక్టరు ఊపిరి పీల్చుకున్నాడు. ఆయన మొహంలో నిజంగానే బరువు దిగినట్టయింది. "చూశారా మరి? మీరే తప్పు చెప్పి నన్నంటే ఎలా? మీరు ఏం చెప్తే దాన్ని బట్టే మేం చేస్తాం."

"తప్పు మాదే" అన్నాడు రసమట్టం, కింద నుంచే. ఆయన గొంతు పెద్దది కాలేదు. "మా నోరు అబద్ధం చెప్పింది. వీడు చెప్పాడు, నేను ఊరుకున్నాను. దానికి నా చెంప నేనే వాయించుకుంటా. మరి నా మోకాళ్ళు చెప్పాయా అబద్ధం? కోసేముందు చేత్తో పట్టుకుని గీత గీశారు కదా సార్. ఇదిగో, ఈ కాయ మీద నుంచే గీశారు. ఏ ఆటలో కాస్తాయి ఇలాంటి కాయలు? ఒక్క మాట అడగలేకపోయారా?"

డాక్టరు ఆ మోకాళ్ళ వంక చూశాడు. కుడి దాని మీద కాయ అలాగే ఉంది, నల్లగా. ఎడమ దాని మీద మచ్చ కాయని నిలువునా రెండు చేసింది.

"నేను అడిగాను సార్, ఆ రోజు" అంది చిన్న డాక్టరమ్మ మెల్లిగా.

డాక్టరు కాగితం తీసుకుని రాశాడు. 'మోకాళ్ళ మీద కూర్చుని చేసే పని చేయలేడు. నిలబడి చేసే పని ఇవ్వాలి.' ఒకటడిగితే రెండు లైన్లు రాశాడు. రాసి, తలెత్తకుండానే చేతికిచ్చాడు. చిన్న డాక్టరమ్మ కేసు షీటులో ఆటగాడు అన్న చోట కొట్టేసి, టైల్స్ మేస్త్రి అని పెద్ద అక్షరాల్లో రాసింది.

భార్యా, బావమరిదీ చెరో రెక్కా పట్టుకుని లేపారు. గుమ్మం దాకా వెళ్ళి ఆయన వెనక్కి తిరిగాడు. "మరి ఆ తొంభై నాలుగు?"

"అది మార్చడానికి లేదు" అన్నాడు డాక్టరు. "ఆ ఫారంలో దీనికి చోటు లేదు."

ఇక దానికేమంటాం? బయటికొచ్చేశారు. జేబులో కాగితం ఉంది, మిషను దగ్గర పని ఉంటుంది. సంతోషించాలి. రేపటి నుంచి ఆయన నిలబడి టైల్స్ కోసిస్తే, వాటిని ఇంకెవరో నేల మీద వేస్తారు. డొల్ల పలికినా ఆయనకి వినపడుతుంది గానీ వంగి సరిచేయడానికి లేదు. నలభై రెండేళ్ళకే తన పని తను దూరం నుంచి చూడాలి. ఆ కడుపుమంట ఏ కాగితంతో ఆరుతుంది?

వరండాలో బల్లల మీద జనం వంతు కోసం కూర్చుని ఉన్నారు. చివర్లో ఒక పెద్దావిడ, పక్కన కూతురు. ఆవిడ మోకాలికి పట్టీ ఉంది. రెండో మోకాలు చీర కుచ్చిళ్ళ కింద నుంచి కాస్త కనపడుతోంది. దాని మీద నల్లటి కాయ. రసమట్టం దాని వంకే చూస్తున్నాడని గమనించి ఆవిడ సిగ్గుపడి చీర కిందికి లాక్కుంది.

ఆయన ఆగిపోయాడు. భార్య చెయ్యి వదిలించుకుని, కుంటుకుంటూ ఆవిడ ముందుకెళ్ళాడు.

"ఏం పని చేస్తారమ్మా మీరు?"

"నేలలు తుడుస్తాను బాబూ, ఆఫీసుల్లో" అంది ఆవిడ, ఎందుకడుగుతున్నాడో తెలియక కూతురి వైపు చూస్తూ.

"లోపలికెళ్ళగానే మొదట అదే చెప్పండి. ఎక్కడ నొప్పో తరవాత. అడక్కపోయినా చెప్పండి. వాళ్ళు వినకపోతే మళ్ళీ చెప్పండి." ఆయన తన ప్యాంటు మోకాలి పైకి లాగి ఆ మచ్చ చూపించాడు. "మీరు అది దాచుకోకండమ్మా. చూపించండి."

ఆవిడ ఆ మచ్చ వంక చాలాసేపు చూసింది. తరవాత చీర మళ్ళీ మోకాలి పైకి జరుపుకుని, అలాగే కూర్చుంది.